దారం చుట్టిన గుండీ

జహీరాబాద్‌లో బొంబాయి రోడ్డు మీద మాకొక దుకాణం ఉండేది. లారీలు, జీపులు, ట్రాక్టర్ల డైనమోలు, సెల్ఫులు, మీటర్లు బాగుచేసేవాళ్లం. డైనమోల పని మా ఇంటాయనది, మీటర్ల పని నాది. నేను మూడో తరగతి దాకా చదివాను. అంకెలు వచ్చు. అక్షరాలు కూడబలుక్కుని రాస్తాను.

ఇప్పుడు ఈ పనిలోకి వస్తున్న పిల్లలు కనపడితే అడుగుతుంటారు: "అవ్వా, అప్పుడు కంప్యూటర్ పెట్టి చూసుడు లేకుండె గద, తప్పు ఏడున్నదో ఎట్ల పట్టేటోళ్లు?" పట్టుకున్నవి చాలా ఉన్నాయి. అవన్నీ రాస్తే మీరు నన్ను మెచ్చుకుంటారు, అంతకన్నా మీకు ఒరిగేదేమీ లేదు. పట్టుకోలేకపోయినది ఒకటుంది. అది రాస్తాను.

పని చేతికి రావడం

డెబ్బైల మొదట్లో బ్యాటరీ యాసిడ్ చింది మా ఇంటాయన కుడికన్ను మసకబారింది. డైనమో పెద్ద వస్తువు, చేత్తో తడిమి కూడా చేయగలడు. మీటర్ లోపలి తీగ వెంట్రుకంత ఉంటుంది. అది ఆయనకు ఆనలేదు. ఒకరోజు నేను అన్నం గిన్నె తెచ్చి పెడుతుంటే చెయ్యి పట్టి కూర్చోబెట్టాడు.

"సూదిల దారం ఎక్కిస్తవు గద. గీ తీగ ఎక్కియ్యి."

ఎక్కించాను. అంతే, ఆ స్టూలు మీద నుంచి ముప్పై ఏళ్లు లేవలేదు.

మొదట్లో లారీ డ్రైవర్లు నన్ను చూసి గడపలోనే ఆగేవాళ్లు. మహారాష్ట్ర వైపు నుంచి వచ్చిన ఒకాయన, "దుకాణంల మొగోళ్లు లేరా అమ్మా?" అన్నాడు.

"ఉన్నడు. ఎనక బ్యాటరీలల్ల నీళ్లు పోస్తుండు. నీకు మొగోడు కావాల్నా, మీటర్ కావాల్నా?"

మీటరే ఇచ్చాడు. మరుసటి నెల ఇంకో ఇద్దరిని వెంటబెట్టుకుని వచ్చాడు. ఇది నవ్వుకోవడానికి చెప్పలేదు. ఆడమనిషి చేతి పని అని తీసిపారేసేవాళ్లను ఒక్కొక్కరినే తిప్పుకోవడానికి నాకు పదేళ్లు పట్టింది. ఆ పదేళ్లను కాపాడుకోవాలనే నేను తర్వాత చేసిన తప్పు చేశాను.

మా ఇంటాయన నేర్పిన పద్ధతి ఒక్కటే. మీటర్ ముల్లు తప్పు చూపిస్తే మూడింటినీ చూడాలి: మీటరు, తీగ, గుండీ. గుండీ అంటే ఇంజన్‌కో గేరుపెట్టెకో బిగించి ఉండే చిన్న ఇత్తడి బిళ్ల. లోపలి నూనె ఎంత ఒత్తిడితో తోస్తున్నదో తెలుసుకుని తీగ ద్వారా మీటరుకు చెప్పేది అదే. మీరు ఇప్పుడు సెన్సర్ అంటున్నారు. మా దుకాణంలో గుండీ అనేవాళ్లం. మూడింటినీ చేత్తో ముట్టుకుని చూసేదాకా నోరు తెరవొద్దనేవాడు ఆయన. మంచి పద్ధతే. కాని అందులో నాలుగోది ఒకటి ఉందని ఆయనకూ తెలియదు, నాకూ తెలియదు.

దారం, సఫేదా

నేను దేన్నీ పారేసేదాన్ని కాను. పాత రాగి వాషర్‌ను పొయ్యిలో ఎర్రగా కాల్చి నీళ్లలో వేస్తే మెత్తబడి మళ్లీ పనికొస్తుంది. పనికిరానంత పలచబడితే అప్పుడు దారం. చెరుకు తోటల్లో మోటారు బిగించేవాళ్లు పైపు చుట్లకు దారం చుట్టి, మీద సఫేదా పూసి బిగిస్తారు, చూశారా? తెల్ల రంగు ముద్దలాగా ఉంటుంది, ఎండితే రాయిలా గట్టిపడుతుంది. నీటిబొట్టు రాదు. ఆ పని న్యాల్‌కల్ నుంచి వచ్చే ఒక పైపుల మేస్త్రీ దగ్గర నేర్చుకుని మీటర్లకు పెట్టాను.

పాత బండ్లలో అది బంగారంలాంటి ఉపాయం. ఎందుకంటే పాత మీటర్లకు తీగ ఉండదు. సన్నని రాగి గొట్టం ఉంటుంది, నూనె ఆ గొట్టంలో నుంచి మీటరు దాకా వచ్చి ముల్లును తోస్తుంది. అక్కడ కారకుండా చూసుకుంటే చాలు. దారం చుట్టినా, గోనె పీచు చుట్టినా అడిగేవాడు లేడు.

తర్వాత తీగ మీటర్లు వచ్చాయి. తీగ మీటరుకు కరెంటు పోవడానికి ఒక దారి కావాలి, తిరిగి రావడానికి ఒక దారి కావాలి. పోయే దారి తీగ. వచ్చే దారి గుండీ ఒళ్లే. గుండీ మర చుట్లు ఇనుముకు తగిలి, బండి ఇనుములో నుంచి కరెంటు బ్యాటరీకి తిరిగి రావాలి. ఎర్తు అంటామే, అది. ఎర్తు అనే మాట నాకు తెలియక కాదు, దీపాలకూ హారన్లకూ రోజుకు పదిసార్లు ఎర్తు చూసేదాన్ని. గుండీకి దారం చుట్టేటప్పుడు మాత్రం నా కంటికి అది పైపులాగే కనపడింది.

సామెల్ లోడరు

ఎనభైల మొదట్లో న్యాల్‌కల్ వైపు రోడ్డు వెడల్పు చేసే పని పడింది. గుత్తేదారు హైదరాబాద్ మనిషి, అందరూ సేట్ అనేవాళ్లు. ఎర్రమొరం ఎత్తి లారీల్లో పోయడానికి ఒక లోడరు తెచ్చాడు. మా వైపు అలాంటి బండి అప్పటిదాకా లేదు. దానికి కాలితో తొక్కే క్లచ్చి ఉండదు. గేరుపెట్టెలో నూనె ఒత్తిడే క్లచ్చి పలకలను పట్టి ఉంచుతుంది. ఒత్తిడి తగ్గితే పలకలు జారి కాలిపోతాయి. అందుకే డ్రైవర్ ముందు ఆ ఒత్తిడి చూపే మీటరు ఒకటి ఉంటుంది.

దాన్ని నడిపేది కోహీర్ సామెల్. ముప్పై దాటని మనిషి. తండ్రి జామతోటల్లో కూలి. లారీ క్లీనర్‌గా మొదలై, పెద్ద మిషను మీద కూర్చున్నవాళ్లలో వాళ్ల వాడలో అతనే మొదటివాడు. తక్కువ మాట్లాడేవాడు. బండి నిచ్చెనకు పాత చొక్కా గుడ్డ ఒకటి కట్టుకునేవాడు. పొద్దున నూనె కొలిచే పుల్ల తీసి ఆ గుడ్డకే తుడిచేవాడు.

గుండీ దగ్గర నూనె చెమ్మ కారుతున్నదని మొదటిసారి వచ్చాడు. నేను బండి దగ్గరికి పోయి విప్పి చూశాను. గుండీ మంచిదే. దాని కింద ఒక ఇనుప బుడిపె ఉంది, గేరుపెట్టె చిల్లి పెద్దది, గుండీ చిన్నది కాబట్టి మధ్యలో అది. ఆ రెండింటి మధ్య మర అరిగి వదులైంది.

"కొత్త బుడిపె తెప్పియ్యమందునా అక్కా సేట్‌ను?" అన్నాడు సామెల్.

"దేనికి? హైదరాబాద్ నుంచి వచ్చేదాంక బండి పండవెట్టుకుంటవా?"

దారం చుట్టాను. మర వదులుగా ఉంది కనుక మామూలుకన్నా రెండు చుట్లు ఎక్కువే చుట్టాను. సఫేదా పూసి బిగించాను. స్టార్ట్ చేస్తే ముల్లు లేచి పచ్చగీత మీద నిలబడింది. నూనె చెమ్మ ఆగింది. దుకాణానికి వచ్చి మా ఇంటాయనతో గొప్పగా చెప్పుకున్నాను కూడా.

సఫేదా తడిగా ఉన్నన్నాళ్లు ఎక్కడో ఒకచోట ఇత్తడి ఇనుముకు తగిలే ఉంటుంది. పదిరోజుల్లో సఫేదా ఎండింది, బండి అదురుకు గుండీ దారం మీద సర్దుకుని కూర్చుంది, ఎర్తు తెగింది. ఇది నాకు తర్వాత తెలిసిన సంగతి.

మొరం గుంత దగ్గర

పదిరోజుల తర్వాత సేట్ జీపు పంపాడు. పోయేసరికి లోడరు ఆగి ఉంది. లారీలు వరసగా నిలబడ్డాయి. సేట్ గొడుగు కింద నిలబడి ఉన్నాడు. సామెల్ బండి దిగి నా దగ్గరికి వచ్చాడు.

"అక్కా, ముల్లు పడిపోయింది. గాని బండి మంచిగనే గుంజుతున్నది. గేరు జారుత లేదు. జారితె నాకు కుర్చీల తెలుస్తది."

"నీ కుర్చీకి తెలిస్తె ఇంక మీటరెందుకు పెట్టిన్రు?" అన్నాను.

చుట్టూ ఉన్న లారీవాళ్లు నవ్వారు. సామెల్ కూడా కొద్దిగా నవ్వాడు. తర్వాత గుండీ దగ్గరికి వంగాడు.

"గీడ చూడు అక్కా. గీ గుండీని ఇట్ల పక్కకు వత్తితె ముల్లు లేస్తుంది. చెయ్యి తీస్తె పడుతది."

ఇది చదువుతున్న పిల్లల్లో ఎవరికైనా ఇక్కడే అర్థమై ఉంటే వాళ్లు నాకన్నా మంచి పనివాళ్లు. రోగం ఏమిటో, ఎక్కడుందో, అతను వేలు పెట్టి చూపించాడు. నాకు అందులో వినపడింది ఒక్కటే, నేను బిగించినదాని మీద డ్రైవర్ చెయ్యి పెట్టాడని.

"దాని మీద చెయ్యి పెట్టకు సామెలూ. కదిలిస్తె మల్ల కారుతది. నడుపుడు నీ పని, గిది నా పని."

చెయ్యి తీశాడు.

నేను నా పద్ధతిలో చూసుకుంటూ పోయాను. గుండీ మీది తీగ విప్పి బండి ఇనుముకు తాకించాను. ముల్లు సర్రున చివరిదాకా పోయింది. అంటే మీటరు మంచిది, తీగ మంచిది. పదిరోజుల కింద గుండీ బిగించకముందే దాన్ని దుకాణానికి తెచ్చి గాలిపంపు పెట్టి, దాని ఒంటికి వేరే ఎర్తు తీగ పెట్టి చూశాను, అప్పుడు ముల్లు సాఫీగా లేచింది. గుండీ మంచిది. నూనె పుల్ల తీస్తే గీత దాకా ఉంది.

సేట్ తొందరలో ఉన్నాడు. "శరణమ్మా, ఒక్క మాట చెప్పు. మీటర్‌ది తప్పా, మనిషిది తప్పా?"

"మీటర్ మంచిగున్నది. తీగ మంచిగున్నది. గుండీ మంచిగున్నది," అని మూడు వేళ్లు మడిచాను. "ఇంక ఏం మిగిలింది సేట్?"

సామెల్ పేరు నేను ఎత్తలేదు. ఆ ఒక్కటి పట్టుకుని చాలా ఏళ్లు నన్ను నేను ఓదార్చుకున్నాను. కాని నేను ఆ మాట అనగానే అందరూ తిరిగి చూసింది అతని వైపే.

సేట్ అడిగాడు: "నూనె తక్కువుంచి నడిపినవారా? పంపు ఎండబెట్టినవా?"

"లేదు సేట్. రోజూ పొద్దుగాల చూస్త. గిప్పుడు గూడ నిండుగనే ఉంది."

"ఇప్పుడు ఉంది. ముల్లు పడ్డంక భయపడి పోసుంటవ్. నిన్న ఉన్నదో లేదో ఎవలు చూసిన్రు?"

సామెల్ నిచ్చెనకు కట్టిన గుడ్డ విప్పి తెచ్చాడు. రెండు చేతులతో పరిచి చూపించాడు. పుల్ల తుడిచిన గీతలు ఒకదాని పక్కన ఒకటి, కొన్ని పాతబడి నల్లగా, కొన్ని తడిగా ఎర్రగా.

"గిన్ని దినాలు తుడిచిన సేట్. చూడుండ్రి."

"గుడ్డ వచ్చి సాక్ష్యం చెప్తదారా నాకు?" అన్నాడు సేట్. లారీవాళ్లు మళ్లీ నవ్వారు.

సామెల్ నా వైపు చూశాడు. ఏదైనా అంటానేమోనని. నేను పానాలు సంచిలో వేసుకుంటున్నాను. ఆ గుడ్డను నేను సరిగ్గా చూశాను, ఆ గీతలు ఒక్కరోజులో పెట్టినవి కావని నాకు తెలుసు. నూనె మరక ఎన్నిరోజులదో చెప్పడం నాకు రాక కాదు. కాని అతనిది తప్పు కాదంటే మిగిలేది నా పనే. అంత స్పష్టంగా అనుకున్నానని చెప్పను. అనుకోకుండా ఉండడానికి పానాలు ఒక్కొక్కటే తుడిచి వేశాను.

సామెల్‌ను ఆ పూటే దింపేశారు. గుడ్డ మడిచి చంకలో పెట్టుకుని రోడ్డు పట్టి నడుచుకుంటూ పోయాడు.

పలకలు

హైదరాబాద్ నుంచి మెకానిక్కులు వచ్చి గేరుపెట్టె ఊడదీశారు. రెండు వారాల తర్వాత సేట్ దగ్గర పనిచేసే ఒక లారీ డ్రైవర్ మా దుకాణం ముందు టీ తాగుతూ చెప్పాడు: "లోపల పలకలు కొత్త పెండ్లిపిల్ల గాజుల లెక్కున్నయట. వంక పెట్టనీకి లేదట. ఎట్లైనా విప్పినం గద అని కొత్త పంపు ఏసి, కొత్త గుండీ, కొత్త బుడిపె బిగించి పోయిన్రు."

ముల్లు లేచిందా అని అడిగాను. లేచిందన్నాడు.

పంపు మార్చారు కాబట్టి లేచి ఉంటుందని అనుకున్నాను. అనుకోవాలని అనుకున్నాను. ఆ డ్రైవర్ సేట్ క్యాంపు నుంచి అమ్మడానికి తెచ్చిన గోనెసంచిలో పాత ఇత్తడి, రాగి ముక్కలు ఉన్నాయి. మేము అలాంటివి తీసుకునేవాళ్లం. సంచిని మూలకు నెట్టాను.

దసరాకు దులపడం

దసరాకు పనిముట్లకు పూజ చేస్తాం కనుక దుకాణమంతా దులుపుతాం. సంచి కుమ్మరించినప్పుడు ఆ గుండీ దొర్లి వచ్చింది. బుడిపెతో సహా విప్పారు. రెండూ ఒకదానిలో ఒకటి బిగిసి, మధ్యలో నా సఫేదా తెల్లగా, గట్టిగా ఉంది. నా చేతి చుట్టు నేను గుర్తుపట్టనా.

ఎందుకో కూర్చున్నాను. బ్యాటరీ తెచ్చి, ఒక చిన్న బల్బుకు తీగ కట్టి, ఒక కొస గుండీ ఒంటికి, ఇంకో కొస బుడిపెకు తాకించాను. ఇత్తడి ఇనుముకు తగిలి ఉంటే బల్బు వెలగాలి. వెలగలేదు. కొసలు గీకి మళ్లీ పెట్టాను. వెలగలేదు.

బొటనవేలితో గుండీని పక్కకు వత్తాను. బల్బు వెలిగింది. వేలు తీశాను. ఆరిపోయింది.

మా ఇంటాయన ఆ మసక కన్నుతోనే చూస్తున్నాడు. "గీ మాట ఎవలో చెప్పిన్రంటివి గద నువ్వు," అన్నాడు.

నేను బల్బు తీగ విప్పాను.

"సేట్ క్యాంపు ఇంక ఈడనే ఉంది. పొయ్యి చెప్పు."

"పండుగ పోనియ్యి," అన్నాను.

పండుగ పోయింది. కోతల పని వచ్చింది, ట్రాక్టర్లు వరసకట్టాయి. రేపు పోదాం, ఎల్లుండి పోదాం అనుకున్నాను. నిజం చెబితే నాకు కనపడింది లారీవాళ్ల మొహాలు. ఆడమనిషిని నమ్మి మిషను ఇస్తే ఇట్లనే ఉంటదని వాళ్లు నవ్వుకోవడం నాకు వినపడింది. మగవాడు తప్పు చేస్తే ఆ మనిషి తప్పు, నేను చేస్తే ఆడజాతి మొత్తానికి చుట్టుకుంటుందని నాకు నేను చెప్పుకున్నాను. అది అబద్ధమేమీ కాదు. కాని ఆ బరువు తీసుకెళ్లి కోహీర్ మనిషి నెత్తి మీద పెట్టే హక్కు నాకెవరిచ్చారు? రోడ్డు పని అయిపోయింది. క్యాంపు ఎత్తేశారు. సేట్ కర్ణాటక వైపు పోయాడన్నారు.

కోహీర్

రెండేళ్లకు పోయాను. జామకాయల కాలం. అడుగుతూ పోతే ఒక తోటలో కనపడ్డాడు. గంపల్లో గడ్డి పరిచి కాయలు సర్దుతున్నాడు. పక్కన అతని భార్య.

"ఎవలామె?" అని అడిగింది ఆమె.

"మీటర్ అక్క," అన్నాడు. కూర్చోమని గంప ఒకటి బోర్లించాడు.

ఎట్లున్నవని అడిగాను. నూనె చూసుకోని ఆపరేటర్ అని పేరు పడ్డాక ఎవరూ బండి ఎక్కనీయలేదట. బీదర్ పోతే అక్కడికీ ఆ మాట అందిందట. అతను అదంతా చెప్పలేదు, భార్య చెప్పింది. అతను కాయలు సర్దుతూనే ఉన్నాడు.

నేను చెప్పాను. దారం, సఫేదా, బల్బు, అంతా. "నీది తప్పు లేదు సామెలూ. నా చేతిదే తప్పు," అన్నాను.

అతను చెయ్యి ఆపాడు.

"సేట్‌కు చెప్పినవా అక్కా?"

"లేదు. ఏడున్నడో ఎరుక లేదు."

"ఈడ ఉన్నప్పుడు?"

"చెప్పలె."

"నీ దుకాణం కాడికొచ్చే లారోళ్లకు?"

నేను తల అడ్డంగా ఊపాను.

"మరి నాకెందుకు చెప్తున్నవ్? నాకు ఎరుకే గద. ఆనాడు నీకు చూపించిందే నేను."

కోపంగా అనలేదు. నిజంగానే అర్థం కాక అడిగినట్టు అడిగాడు. తర్వాత మళ్లీ కాయలు సర్దుకున్నాడు. వచ్చేటప్పుడు అతని భార్య నా సంచిలో నాలుగు కాయలు వేయబోతే అతను వద్దనలేదు, నేనే వద్దన్నాను. తీసుకుంటే మాఫీ అయినట్టు ఉంటుందనిపించింది.

మీకు

ఆ తర్వాత గుండీలకు దారం చుట్టలేదు. మీటరు, తీగ, గుండీ చూశాక ఒక తీగ ముక్క తీసుకుని గుండీ ఒంటి నుంచి బండి ఇనుముకు తాకించి చూడడం నేర్చుకున్నాను. ముల్లు లేస్తే తప్పు గుండీ కూర్చున్న చోట ఉన్నట్టు. గుటక వేసేంత సేపు పడుతుంది. ఇప్పుడు సెన్సర్లకు రెండు మూడు తీగలు ఉంటాయట, ఎర్తు వేరేగా వస్తుందట, మంచిదే. అయినా ప్రతి వస్తువూ విడివిడిగా మంచిదైనా కూర్చోబెట్టిన చోట చెడి ఉండవచ్చు, అది చూడండి.

బండి మీద పొద్దంతా కూర్చునే మనిషి చెప్పేది విని, అతను చూపినచోట మీ చెయ్యి పెట్టి చూడండి. అతను మీకన్నా తక్కువ మాట్లాడేవాడైతే ఇంకా జాగ్రత్తగా వినండి.

ఈ సంగతి నేను పని నేర్పినవాళ్లందరికీ చెప్పాను. కాని చెప్పినప్పుడల్లా "ఒక దుకాణంల గిట్లయ్యిందట" అని చెప్పాను. వాళ్లు తల ఊపి, ఆ దుకాణం వాళ్లను రెండు తిట్లు తిట్టి పోయేవాళ్లు. నేనూ వాళ్లతో కలిసి తిట్టాను.

సామెల్ పోయాడని మొన్న తెలిసింది. చివరిదాకా జామతోటలోనే చేశాడట. సేట్ ఎక్కడున్నాడో తెలియదు, ఉన్నాడో లేడో కూడా. ఆ రోజు మొరం గుంత దగ్గర నవ్వినవాళ్లు గాని, వాళ్ల పిల్లలు గాని ఎవరైనా ఇది చదువుతారేమోనని రాస్తున్నాను. ఆ దుకాణం మాదే. ఆ దారం చుట్టింది నేనే. ఆ రోజు గేరుపెట్టెలో నూనె ఉంది. అంతకుముందు రోజూ ఉంది. కోహీర్ సామెల్ రోజూ పొద్దున చూసుకున్నాడు, గుడ్డకు తుడిచాడు. నేను ఆ గుడ్డ చూశాను.